పాఠశాల విద్యార్థుల స్వతంత్ర పరిశోధన వ్యాసం: ప్రశ్న ఎవరిది, గైడు సాయం ఎంతవరకు?

నీలికలం:

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది పదహారు, పదిహేడేళ్ళ వయసున్న తొమ్మిదిమంది విద్యార్థులకు గైడుగా ఉండి, ఒక్కొక్కరి చేత నాలుగు వేల పదాలకు మించని స్వతంత్ర పరిశోధన వ్యాసం రాయించే బాధ్యత నాకు అప్పగించారు. చాలా ఏళ్ళుగా భాష బోధిస్తున్నాను కాబట్టి వ్యాసరచన నేర్పడం నాకు కొత్త కాదు. అయినా మొదటి చిత్తుప్రతులు చేతికి వచ్చాక, నాకు తెలిసిన వ్యాసరచన వేరు, ఇది వేరు అని అర్థమైంది.

ఒక అమ్మాయి కలరా వ్యాధి చరిత్ర మీద రాసింది, ఒక అబ్బాయి లోలకం మీద రాశాడు, ఇద్దరు సామాజిక మాధ్యమాలు, యువత అనే అంశం తీసుకున్నారు. భాష శుభ్రంగా ఉంది, పేరాలు కుదురుగా ఉన్నాయి, చివర మూలాల పట్టిక కూడా ఉంది. కానీ ఏ వ్యాసం చదివినా, ఇందులో ఈ పిల్లవాడు సొంతంగా తేల్చినది ఏమిటి అని అడిగితే చూపించడానికి ఒక్క వాక్యం దొరకడం లేదు. పది చోట్ల ఉన్న సమాచారాన్ని ఒక చోట చేర్చి పెట్టారు, అంతే. ఇందులో వారి తప్పు ఉందని నేను అనుకోవడం లేదు. ఇన్నేళ్ళుగా మేము అడిగినదే అది.

నా సందేహాలు రెండు. అంశం నుంచి ప్రశ్న దగ్గరికి పిల్లలను ఎలా తీసుకువెళ్ళాలి? తీసుకువెళ్ళేటప్పుడు నేను ఎక్కడ ఆగిపోవాలి? వ్యాసం వారిది కావాలి, నాది కాకూడదు. అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే కృతజ్ఞురాలిని.


ఎర్రసిరా:

నీలికలం గారూ, ఇలాంటి వ్యాసాలకు మార్కులు వేసే పని కొన్నేళ్ళు చేశాను. మీరు చెప్పిన లోపమే మేము అన్నిటికంటే ఎక్కువగా చూసేది.

ముందుగా నియమాల సంగతి చెబుతాను, ఎందుకంటే మీ రెండో సందేహానికి సగం జవాబు అక్కడే ఉంది. చాలా దేశాల పాఠశాలల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమా కోర్సులో ఎక్స్‌టెండెడ్ ఎస్సే పేరుతో ఈ వ్యాసం తప్పనిసరి. దాని గరిష్ఠ పరిమితి 4,000 పదాలు. అది దాటిన భాగాన్ని పరీక్షకులు చదవరు. విద్యార్థి సుమారు 40 గంటలు పని చేయాలని, గైడు ఒక్కొక్క విద్యార్థికి 3 నుంచి 5 గంటల సమయం ఇవ్వాలని అందులో ఉంటుంది. పూర్తి చిత్తుప్రతి మీద గైడు వ్యాఖ్యలు చేయగలిగేది ఒక్కసారే, అదీ వాక్యాలు దిద్దకుండా. మూడు సమీక్షా సమావేశాలు తప్పనిసరి, వాటిలో చివరిది ఒక చిన్న మౌఖిక సంభాషణ. ఇంగ్లండులోని ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్‌లో రాతపూర్వక నివేదిక సుమారు 5,000 పదాలు ఉంటుంది, దానితో పాటు విద్యార్థి తన పనిని ఇతరుల ముందు వివరించి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అమెరికాలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) రీసెర్చ్ కోర్సులో 4,000 నుంచి 5,000 పదాల పత్రం, తరువాత దాన్ని సమర్థించుకునే మౌఖిక పరీక్ష ఉంటాయి.

మూడు పద్ధతులు మూడు చోట్ల పుట్టినా, మూడింటిలోనూ పిల్లవాడు ఎదురుగా కూర్చుని తన పని గురించి మాట్లాడక తప్పని ఘట్టం ఒకటి ఉంది. అది దొంగలను పట్టుకోవడానికి పెట్టింది కాదు. ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నావు, దాన్ని ఎప్పుడు మార్చుకున్నావు అని అడిగితే, నిజంగా పని చేసిన పిల్లల ముఖం వెలిగిపోతుంది. ఆ సంభాషణలు గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

చిత్తుప్రతులు చదివేటప్పుడు నేను వాడే ఒక చిన్న పరీక్ష చెబుతాను. శీర్షిక తీసేసి ముగింపు పేరా మాత్రమే చదవండి. ఆ ముగింపు, ఏ పనీ చేయకముందే ఎవరైనా రాసేయగలిగినట్లు ఉంటే, ఆ వ్యాసానికి ఇంకా ప్రశ్న పుట్టలేదని అర్థం.


పాతకాగితాలు:

చరిత్ర విద్యార్థులకు గైడుగా ఉన్న అనుభవంతో మీ కలరా అమ్మాయి గురించి మాత్రమే రాస్తాను.

కలరా చరిత్ర అన్నది అంశం, ప్రశ్న కాదు. ఆ అమ్మాయి వ్యాసంలో జాన్ స్నో పేరు తప్పకుండా వచ్చి ఉంటుంది. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విజృంభించి 600 మందికి పైగా చనిపోయినప్పుడు, ఆ వైద్యుడు మరణాలను ఒక పటం మీద గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని నీటి పంపు దగ్గర అవి గుమిగూడాయని కనిపెట్టి, పంపు పిడి తీయించి వ్యాధిని ఆపాడని అన్ని చోట్లా రాసి ఉంటుంది. మీ విద్యార్థిని కూడా బహుశా ఆ నాలుగు వాక్యాలే రాసి ఉంటుంది. నా లెక్కలో ఆమె పరిశోధన అక్కడే మొదలవ్వాలి.

ఆమెను ఒక పని చేయమనండి. ఆ కథను విడివిడి సంఘటనలుగా విడగొట్టి, ఒక్కొక్కదాని పక్కన తేదీ వేయమనండి. వ్యాధి ఎప్పుడు మొదలైంది, స్నో స్థానిక పాలక మండలి ముందు ఎప్పుడు మాట్లాడాడు, పిడి ఎప్పుడు తీశారు, పటం ఎప్పుడు అందరి ముందుకు వచ్చింది. తేదీలను వెబ్ పేజీల నుంచి కాకుండా, స్నో 1855లో అచ్చు వేయించిన పుస్తకం రెండో కూర్పు నుంచి తీసుకోమనండి. దాని కాపీహక్కు ఎప్పుడో ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అందులో రోజువారీ లెక్కల పట్టిక ఒకటి ఉంది, దాన్ని వదలకుండా చూడమనండి.

ఆమెకు ఏమి కనిపిస్తుందో నేను ఇక్కడ రాయను, మీరు కూడా దయచేసి ముందుగా చెప్పకండి. పదహారేళ్ళ పిల్ల అందరూ చెప్పే కథకూ పాత కాగితానికీ మధ్య ఉన్న తేడాను తన కళ్ళతో తాను చూసిన రోజు, ఆమెకు ప్రశ్న ఎలా తయారు చేయాలో ఎవరూ నేర్పనక్కర లేదు.


లోలకం:

పాతకాగితాలు గారి మాట మీద గౌరవంతోనే కొంచెం విభేదిస్తున్నాను. చరిత్రలో తేదీల పట్టిక వేయిస్తే ప్రశ్న తనంతట తాను పైకి రావచ్చు. భౌతికశాస్త్రంలో అలా వదిలేస్తే పిల్లవాడు ఆరు నెలలు సూత్రాన్ని తిరగరాస్తూ కూర్చుంటాడు. మా దగ్గర గైడు తలుపు దాకా తీసుకువెళ్ళాల్సిందే, లోపలికి అడుగు మాత్రం విద్యార్థి వేయాలి.

ఇక్కడ నా పేరే లోలకం కాబట్టి మీ అబ్బాయి సంగతే తీసుకుంటాను. డోలన కాలం లోలకం పొడవు మీద ఆధారపడుతుంది, ఎంత కోణం నుంచి వదిలామన్న దానిపై ఆధారపడదు అని పాఠ్యపుస్తకం చెబుతుంది. చిన్న కోణాలకే అది వర్తిస్తుందని పక్కనే ఒక మాట ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చిన్న కోణం అంటే ఎంత చిన్న కోణం? ఈ ఒక్క ప్రశ్న చాలు. దారం, బరువైన గుండు, కోణమానిని, స్టాప్‌వాచ్ ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

ఒక మీటరు లోలకానికి చిన్న కోణాల దగ్గర డోలన కాలం సుమారు 2.01 సెకన్లు. అదే లోలకాన్ని 30 డిగ్రీల నుంచి వదిలితే సిద్ధాంతం ప్రకారం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీల నుంచి వదిలితే 7 శాతానికి పైగా పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర తేడా ఒక డోలనానికి సుమారు 0.035 సెకను మాత్రమే. మనిషి బొటనవేలు స్టాప్‌వాచ్ నొక్కడంలోనే సెకనులో అయిదో వంతు దాకా అటూ ఇటూ అవుతుంది. అంటే ఒక్క డోలనాన్ని కొలిచి ఈ తేడాను పట్టుకోవడం అసాధ్యం. ఇరవై డోలనాలు కలిపి కొలిస్తే తేడా 0.7 సెకను అవుతుంది, అప్పుడు పట్టుబడుతుంది. సరే, సమస్య తీరిందనుకుంటాడు. ఇంతలో ఇంకొకటి ఎదురవుతుంది: గాలి వల్ల, దారం కట్టిన చోట రాపిడి వల్ల ఇరవయ్యో డోలనానికి వచ్చేసరికి కోణం తగ్గిపోయి ఉంటుంది. తాను కొలుస్తున్నది 60 డిగ్రీల డోలన కాలాన్నా, 60 నుంచి కిందికి దిగుతూ వచ్చిన రకరకాల కోణాల సగటునా?

ఈ చిక్కుముడి దగ్గరే వ్యాసం ఉంది. డోలనాల సంఖ్య పెంచితే ఒక దోషం తగ్గి ఇంకొక దోషం పెరుగుతుంది, మధ్యలో ఎక్కడ ఆగాలో విద్యార్థి తన రీడింగులతో తానే నిర్ణయించుకుని, ఆ నిర్ణయానికి కారణం రాయాలి. సూత్రం అందరికీ ఒకటే. ఆ నిర్ణయం మాత్రం ఆ పిల్లవాడిదే, అందుకే మౌఖిక సంభాషణలో దాని గురించి అడిగితే తడబడడు.

ఇక ఎక్కడ ఆగాలి అన్నారు. చిన్న కోణం అంటే ఎంత అని నేను అడుగుతాను. ఎన్ని డోలనాలు లెక్కపెట్టాలో చెప్పను.


పుస్తకాల బీరువా:

నేను గ్రంథాలయంలో పని చేస్తాను. పిల్లలు గైడు దగ్గరికి వెళ్ళే ముందో, వెళ్ళివచ్చాకో మా బల్ల దగ్గరికి వస్తారు కాబట్టి, వారి అసలు ఇబ్బంది ఎక్కడో కొంత చూస్తూ ఉంటాను.

ఇబ్బంది రాతలో కంటే నోట్సులో ఎక్కువగా ఉంటుంది. పేజీలకు పేజీలు కాపీ చేసి ఒకే ఫైలులో అతికించి పెట్టుకుంటారు. నెల తరువాత అందులో ఏ వాక్యం పుస్తకానిది, ఏ వాక్యం తమదో వారికే తెలియదు. గ్రంథచౌర్యం అని మనం కోప్పడే సందర్భాల్లో చాలావరకు దొంగబుద్ధి ఉండదు, నోట్సు రాసుకోవడం రాకపోవడమే ఉంటుంది. నేను వారికి ఒక అలవాటు చేయిస్తాను. పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు మూలంలోని మాటలను ఉల్లేఖన చిహ్నాల మధ్య పేజీ సంఖ్యతో సహా రాయాలి. కుడివైపు ఆ మాట చదివినప్పుడు తమకు ఏమి తోచిందో, ఏ సందేహం కలిగిందో రాయాలి. ఎడమవైపు నిండి కుడివైపు ఖాళీగా ఉంటే వ్యాసం రాయడం ఇంకా మొదలుపెట్టవద్దని చెబుతాను. వ్యాసం నిజానికి కుడివైపునే తయారవుతుంది.

కృత్రిమ మేధ గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది ఇచ్చిన మూలాల పట్టిక పట్టుకుని ఒక అబ్బాయి మా దగ్గరికి వచ్చాడు. రచయిత పేరు, పత్రిక పేరు, సంపుటి, పేజీ సంఖ్యలు అన్నీ నిజమైన వాటిలాగే ఉన్నాయి. ఇద్దరం కూర్చుని ఒక పూటంతా వెతికాం. అయిదింటిలో మూడు ఎక్కడా లేవు, అసలు అలాంటి వ్యాసాలు అచ్చు కాలేదు. నేను అతన్ని మందలించలేదు, అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నుంచి మా దగ్గర ఒకటే నియమం: తాను తెరిచి చదవనిది పట్టికలో ఉండకూడదు. పరికరం ఏదైనా వాడి ఉంటే ఎందుకు వాడారో, ఎక్కడ వాడారో దాచకుండా రాయాలి. అసలు వాడవచ్చా లేదా అన్నది ఆయా సంస్థల నియమాన్ని బట్టి ఉంటుంది కనుక, అది ముందే చదువుకోవాలి.


కొత్తపేజీ:

నమస్కారమండీ. నేను విద్యార్థినిని, నాకు పదిహేడేళ్ళు. పెద్దవాళ్ళ చర్చలో మాట్లాడవచ్చో లేదో తెలియదు కానీ, ఇది నా సమస్య కూడా కాబట్టి రాస్తున్నాను.

రాత్రి ఫోన్ వాడకానికీ నిద్రకూ ఉన్న సంబంధం మీద నా వ్యాసం. ఫోన్ ఎక్కువ వాడితే నిద్ర తగ్గుతుందని నిరూపించాలనుకుని, మా తరగతిలో పద్నాలుగు మందికి ప్రశ్నావళి ఇచ్చాను. జవాబులు చూస్తే స్పష్టమైన సంబంధం ఏమీ కనిపించలేదు. ఎక్కువ వాడేవారిలో కొందరు బాగా నిద్రపోతున్నారు, తక్కువ వాడేవారిలో కొందరికి నిద్ర లేదు. నాలుగు వారాలు వృథా అయ్యాయని ఏడుపొచ్చింది. ఇద్దరు ముగ్గురి జవాబులు తీసేస్తే గ్రాఫు చక్కగా వస్తుందని ఒక స్నేహితురాలు అంది. తీసేయలేదు, కానీ తీసేయాలని ఒక సాయంత్రమంతా అనిపించింది. అనుకున్నది నిరూపించలేకపోతే మార్కులు పోతాయా?


ఎర్రసిరా:

కొత్తపేజీ, తప్పకుండా మాట్లాడవచ్చు తల్లీ. ఈ చర్చ మీ గురించే.

అనుకున్నది నిరూపితం కాకపోతే మార్కులు పోవు. లెక్కలు తీసేసి గ్రాఫు చక్కబెట్టి ఉంటే మాత్రం మార్కుల కంటే పెద్దది పోయేది. తీసేయకుండా ఉన్నందుకు నీకు నా అభినందనలు.

ఇప్పుడు నీ దగ్గర ఉన్నదాన్ని నిదానంగా చూడు. పద్నాలుగు మంది, అందరూ ఒకే తరగతివారు. నిద్ర ఎంతసేపు పోయారో వారే గుర్తు చేసుకుని చెప్పారు, ఫోన్ ఎంతసేపు వాడారో కూడా వారే అంచనా వేసి చెప్పారు. ఈ రెండో అంచనా ఎంత నమ్మదగినది? చాలా ఫోన్లలో వాడిన సమయం నమోదై ఉంటుంది. వారి అనుమతి తీసుకుని, వారు చెప్పిన సంఖ్యనూ ఫోన్ చూపించే సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడు. యువత తమ ఫోన్ వాడకాన్ని ఎంత సరిగా అంచనా వేస్తారు అన్నది నీ పద్నాలుగు మందితోనే అడగదగిన చిన్న, నిజాయితీ గల ప్రశ్న. పద్నాలుగు మందిని బట్టి లోకంలోని యువత అంతటి గురించీ తీర్పు చెప్పకు, ఈ పద్నాలుగు మందిలో ఏమి కనిపించిందో చెప్పు. ఇంకొక విషయం, మనుషుల దగ్గర సమాచారం సేకరించేటప్పుడు ముందుగా సమ్మతి తీసుకోవాలి, పేర్లు వ్యాసంలో రాకూడదు. ఈ సంగతి నీ గైడుతో మాట్లాడి, కాగితం మీద పెట్టించుకో.

మొదటి ప్రశ్నావళి ఎందుకు పని చేయలేదో కూడా వ్యాసంలో రెండు పేరాలు రాయి. ఆ నాలుగు వారాలు వృథా కాలేదు.


ఇంటిదీపం:

మా అబ్బాయి ఇలాంటి వ్యాసమే రాస్తున్నాడు. నేను చదువుకున్నది అదే విషయం కావడంతో, వాడు తప్పు దారిలో వెళ్తున్నప్పుడు చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది. తల్లిదండ్రులు ఎంతవరకు కల్పించుకోవచ్చు?


పాతకాగితాలు:

ఇంటిదీపం గారూ, వినండి. వాడు తన వాదనను మీకు నోటితో చెప్పాలి, మీరు అర్థం కాని చోట అర్థం కాలేదని చెప్పాలి. కలం మాత్రం మీ చేతిలోకి రాకూడదు. వాక్యం దిద్దితే అది మీ వాక్యమవుతుంది. అర్థం కాలేదంటే వాడే ఇంకో వాక్యం వెతుక్కుంటాడు.

లోలకం గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. విభేదించానన్నారు కానీ, డోలనాల సంఖ్య చెప్పనన్న దగ్గర మీరు చేసినదీ, తేదీల ఫలితం చెప్పనన్న దగ్గర నేను చేసినదీ ఒకటే. అయితే ఒక ఒప్పుకోలు కూడా రాయాలి. పట్టికను వదలకుండా చూడమన్నానే, అది తలుపు దాకా కాదు, గడప దాటించినట్లే. ఏ పుస్తకం చూడాలో చెప్పి ఆగి ఉండాల్సింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ ఒక్క మాట ఎక్కువ చెప్పేయాలన్న ఆత్రం నాలో ఉంది, ఎందుకంటే వారు దాన్ని చూడకుండా పోతారేమోనని భయం.


లోలకం:

ఆ భయం నాకూ ఉంది. రెండు వారాలు గడువు పెట్టుకుంటాను. అప్పటికీ పిల్లవాడు చూడకపోతే ఇంకొక ప్రశ్న అడుగుతాను, జవాబు మాత్రం ఇవ్వను.


నీలికలం:

మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

కలరా అమ్మాయికి స్నో పుస్తకం సంగతి మాత్రమే చెప్పాను, పట్టిక గురించి చెప్పలేదు. పన్నెండో రోజున మధ్యాహ్నం భోజన విరామంలో ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తెర మీద పాత అచ్చు పేజీ, దాని మీద వేలు పెట్టి, మేడమ్, ఇది చూడండి అంది. ఆ పేజీలో, మరణంతో ముగిసిన కొత్త కేసులు సెప్టెంబరు 1న 143, 2న 116, 3న 54, అలా తగ్గుతూ వచ్చి 8న 12. పిడి తీసింది 8నే కదా మేడమ్, అప్పటికే తగ్గిపోయింది కదా అంది. జనం ఆ ప్రాంతం వదిలి పారిపోవడం వల్ల అప్పటికే వ్యాధి చాలావరకు తగ్గిందని స్నో స్వయంగా రాసిన వాక్యం కూడా చూపించింది. తన నోట్సులో ఆ వాక్యం ఎదురుగా, కుడివైపు, మరి అందరూ పంపు పిడి వల్లే ఆగిందని ఎందుకు రాస్తున్నారు అని రాసుకుంది.

తేదీల వరుస ఆమే వేసింది. స్నో పాలక మండలి ముందు మాట్లాడింది 7వ తేదీ సాయంత్రం, పిడి తీసింది 8న, పటాన్ని ఒక సభలో చూపించింది డిసెంబరులో. అంటే పటం చూసి పిడి తీశారన్న మాటే నిలవదు. ఆ తరువాత ఆమె ఎవరూ చెప్పకుండానే హెన్రీ వైట్‌హెడ్ అనే మతాచార్యుడి దగ్గరికి వెళ్ళింది. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందన్న స్నో వాదన తప్పని చూపించాలని ఇల్లిల్లూ తిరిగి విచారించిన ఆయన, చివరికి ఆ వాదననే బలపరిచాడు. పంపుకు ఎదురుగా ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాప జబ్బు పడిందని, ఆ ఇంటి మురుగు గుంట బావి పక్కనే ఉందని బయటపడింది ఆయన విచారణ వల్లనే. పటం కంటే ఇంటింటి విచారణే బలమైన ఆధారమని ఆమె అంటోంది. నాకు వేరే అభిప్రాయం ఉంది, కానీ చెప్పలేదు. దగ్గరలోని బీరు తయారీ కర్మాగారం పనివారు ఎందుకు చనిపోలేదన్న దాన్ని ఏ వైపు పెడతావు అని మాత్రం అడిగాను.

ఇప్పుడు ఆమె ప్రశ్న ఇది: 1854 బ్రాడ్ స్ట్రీట్ కలరా విషయంలో నీటి సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి పటం ఎంతవరకు తోడ్పడింది, ఇంటింటి విచారణ ఎంతవరకు తోడ్పడింది? పాత చిత్తుప్రతిలో నాలుగు పేరాలు తప్ప అన్నీ తానే కొట్టేసింది.

లోలకం అబ్బాయి ఇంకా చిక్కులోనే ఉన్నాడు. ఇరవై డోలనాల చివర కోణం 60 నుంచి 47కు పడిపోతోందని నిన్న కొలిచాడు. గుండు మార్చాలా, డోలనాలు తగ్గించాలా అని అడిగాడు. లోలకం గారూ, ఏమి చెప్పమంటారు?


లోలకం:

రెండూ చేసి చూడమనండి, కానీ ఒకేసారి కాదు. ఒకటి మార్చినప్పుడు రెండోదాన్ని కదపకుండా, ప్రతి అయిదు డోలనాలకు ఒకసారి కోణం రాసుకోమనండి. ఫోన్ కెమెరాతో పక్క నుంచి వీడియో తీస్తే కోణం చదవడం తేలిక. పాత రీడింగులను మాత్రం పారేయవద్దని చెప్పండి. 60 నుంచి 47కు పడిపోయిన ఆ వరుస వ్యాసంలో మొదటి పట్టిక కావాలి.